మేకులు కొట్టిన కుర్చీ

వెలుగునీడల గురించి గొప్పగా మాట్లాడే ఫొటోగ్రాఫర్లు చాలామంది ఉంటారు. నీడను చూసి నిట్టూరుస్తారు, వెలుగును చూసి తల పంకిస్తారు, ఈ సందట్లో ఫొటో తీయడం మర్చిపోతారు. వెన్నెలక్క ఆ బాపతు కాదు. ఆమెకు నీడంటే గిట్టదు. ముక్కు పక్కన నీడ, కళ్ల కింద నీడ, గడ్డం కింద నీడ, ఇవన్నీ ఆమె లెక్కలో సరిగ్గా ఊడ్చని ఇంట్లో మూలన మిగిలిన దుమ్ము. ఆమె స్టూడియోలో కూర్చున్న మనిషి ఎలాంటి మొహంతో లోపలికి వెళ్లినా, ఫొటోలో మాత్రం తోమిన పళ్లెంలా తళతళలాడుతూ బయటికొచ్చేవాడు.

ఆమె ఫొటోల్లో మొహాలు వెన్నెట్లో ఆరేసినట్టుంటాయని ఎవరో అన్నారు. అప్పట్నుంచి ఆమె అసలు పేరు కాగితాలకే పరిమితమైంది. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా వెన్నెలక్కా అనే పిలుస్తారు. "అదంతా నీ చేతిలో ఉందక్కా" అంటారు. ఆమె వద్దనదు. మొదట్లో సిగ్గుపడేది, తర్వాత చిరునవ్వు నవ్వేది, ఈ మధ్య "అవును" అనే అంటోంది.

స్టూడియో అంటే మేడ మీద ఒక్క గది. చెక్క నేల. వీధివైపు ఒక పెద్ద కిటికీ. దానికి ఎదురుగా ఒక కుర్చీ. ఆ కుర్చీ నాలుగు కాళ్లకూ ఇనప పట్టీలు, ఆ పట్టీల మీదుగా నేలలోకి దిగిన మేకులు. ఈ స్టూడియో ఆమె మేనమామది. ఇరవై రెండేళ్ల కిందట మేనకోడలికి తాళాలు అప్పగిస్తూ ఆయన ఒకే మాట చెప్పాడు: "అన్నీ నీ ఇష్టం. ఆ కుర్చీ జోలికి మాత్రం వెళ్లకు." వెన్నెలక్క కెమెరాలు మార్చింది, తెరలు మార్చింది, గోడలకు సున్నం బదులు రంగు వేయించింది, ఆఖరికి మెట్లు కూడా కొత్తవి కట్టించింది. కుర్చీని మాత్రం వేలితో కూడా కదపలేదు. పొద్దున పది నుంచి పన్నెండు లోపు, ఆ కుర్చీలో, ఆమె చేతిలో. అంతే, మొహం మెరిసేది. గుమ్మం పక్కన బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించింది: పగటి వెలుతురు మాత్రమే.

ఆ బోర్డు చూసినప్పుడల్లా ఆమె మొగుడికి ఒళ్లు మండేది. ఆయన ఎలక్ట్రీషియను. "ఊరందరి ఇళ్లలో దీపాలు పెట్టేది నేను. పెళ్లాం గదిలో ఒక్క బల్బు పెట్టే భాగ్యం లేదు" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. "మీ బల్బులు దొంగల్ని పట్టుకోడానికి బాగుంటాయండీ" అనేది ఆమె.

ఇలా సాఫీగా నడుస్తుండగా వీధి చివరి హైస్కూలుకి వందేళ్లు నిండాయి. జ్ఞాపకంగా ఒక పుస్తకం వేద్దామనుకున్నారు. అందులో ఇప్పుడు పనిచేస్తున్నవాళ్లు, రిటైరైనవాళ్లు కలిపి నలభై ఒక్కమంది టీచర్ల ఫొటోలు. పని వెన్నెలక్కకే అప్పగించారు, మరొకరి పేరు కూడా అనుకోలేదు. ఏడు వారాల గడువు. మొదటి వారం ఆరుగురిని తీసింది. ఆరుగురూ ఆరు చందమామలు. స్టాఫ్ రూములో ఆ ఫొటోలు చేతులు మారి మారి అంచులు మెత్తబడ్డాయి.

ఆ ఆదివారం ఎదురింటి లెక్కల టీచరు తన డాబా మీది గది గోడకు ముదురాకుపచ్చ రంగు వేయించింది. ఆ గోడ నిన్నటిదాకా తెల్లగా ఉండేది, సరిగ్గా స్టూడియో కిటికీకి ఎదురుగా. రంగు వాసనకు వెన్నెలక్క రెండుసార్లు తుమ్మి, "ఈవిడకి వయసుతోపాటు అభిరుచి కూడా తగ్గుతోంది" అని గొణుక్కుంది. అంతకుమించి ఆలోచించలేదు. ఆ ఇంటి గురించి ఎక్కువ ఆలోచించకూడదని పదకొండేళ్ల కిందటే నిర్ణయించుకుంది. లెక్కల టీచరు రిటైరైన రోజున తీయించుకున్న ఫొటోని మెట్ల మీదే తిరిగిచ్చేసి, నలుగురూ వింటుండగా, "ఉడకబెట్టిన గుడ్డుకి కళ్లద్దాలు తగిలించినట్టుంది" అంది మరి. తొమ్మిదో తరగతిలో తనకు పదికి నాలుగు మార్కులేసిన మనిషి, పెద్దయ్యాక కూడా వదల్లేదని వెన్నెలక్క బాధ.

సోమవారం డ్రాయింగు మాస్టారు వచ్చి కూర్చున్నాడు. ఫొటో కెమెరా తెర మీదికి రాగానే వెన్నెలక్క కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. మాస్టారి కళ్లు రెండు గుంటల అడుగున ఉన్నాయి. బుగ్గలు లేత సొరకాయ రంగులో ఉన్నాయి.

"నాకేమైనా జబ్బా అక్కా?" అన్నాడాయన భయంగా.

"కెమెరాకి" అంది ఆమె.

ఆ సాయంత్రం లెన్సును మెత్తటి గుడ్డతో గంటసేపు తుడిచింది. మంగళవారం నీలం చీర కట్టుకుని, దండం పెట్టుకుని, తెలుగు టీచరును కూర్చోబెట్టింది. పున్నమి చంద్రుడు! హమ్మయ్య, లెన్సు మీద దుమ్మన్నమాట. బుధవారం డ్రిల్లు మాస్టారు. మళ్లీ గుంటలు, మళ్లీ సొరకాయ. ఆరడుగుల మనిషి ఆరు నెలలు మంచాన పడి లేచినట్టున్నాడు. ఆకుపచ్చ తీసేద్దామని కంప్యూటర్లో కుస్తీ పడితే పెదాలు వంకాయ రంగుకు తిరిగాయి.

ఇన్నేళ్లుగా కాచుకున్న అవకాశం మొగుడికి ఆ రాత్రి భోజనాల దగ్గర దొరికింది.

"ఒక్కసారి నా దీపాలు పెట్టి చూడవే. బోర్డు తిప్పేద్దాం, ఎవరూ చూడరు."

గురువారం మూడు పెద్ద దీపాలు వెలిగాయి. వాటి మధ్య సంగీతం టీచరు. ఆవిడ వెనక తెర మీద మూడు నీడలు, ఒక్కొక్కటి ఒక్కో సైజులో, కచేరీలో వెనక కూర్చుని వంత పాడేవాళ్లలా. ముక్కు నీడలు రెండు, చెరో బుగ్గ మీదికి పాకి మీసాల్లా నిలబడ్డాయి.

"బాగా వెలుగొచ్చింది కదే?" అన్నాడు మొగుడు.

"వచ్చింది. మీసాలూ వచ్చాయి" అని దీపాలు ఆర్పేసింది వెన్నెలక్క.

అప్పుడు ఆమెకు బుర్రలో ఒక ఆలోచన తళుక్కుమంది. మంగళవారం ఏం కట్టుకున్నాను? నీలం చీర! శుక్రవారం మళ్లీ అదే కట్టుకుంది. ఆ రోజు వచ్చిన సైన్సు టీచరు ఫొటో అద్దంలా వచ్చింది. దాంతో సిద్ధాంతం రుజువైపోయింది. చదువుకున్న మనిషే, అయినా భయం పట్టుకున్నప్పుడు చీరకూ కెమెరాకూ చుట్టరికం కలపడం పెద్ద కష్టం కాదు. శనివారం హెడ్మాస్టారి వంతు. పుస్తకంలో మొదటి పేజీ ఆయనదే. రాత్రికి రాత్రే నీలం చీర ఉతికి, ఇస్త్రీ చేసి, కట్టుకుని, ధీమాగా మీట నొక్కింది.

తెర మీద హెడ్మాస్టారు బావిలోంచి పైకి చూస్తున్నట్టున్నాడు.

ఆయన చాలాసేపు చూశాడు. "అమ్మా, మొదటి ఆరుగురూ దేవతల్లా ఉన్నారు. మిగతావాళ్లలో సగం మంది రోగుల్లా ఉన్నాం. స్టాఫ్ రూములో ఇప్పటికే రెండు జట్లయ్యాయి. పై శనివారానికల్లా ఇది సరికాకపోతే, బస్టాండు దగ్గరి స్టూడియోకి ఇచ్చేస్తాం. ఏమనుకోవద్దు."

ఏమనుకోకుండా ఎలా ఉంటుంది? పని పోతే పోయింది. కానీ వందేళ్ల పుస్తకం నుంచి వెన్నెలక్కను తీసేశారన్న మాట వీధిలో మరో వందేళ్లుంటుంది. పైగా, ఆ 'చేతిలో ఉంది' అన్నది? చేతిలోంచి ఎటు పోయింది? ఆయన మెట్లు దిగిపోయాక, దగ్గర్లో ఉన్నదేదో అందులో కూలబడింది. దగ్గర్లో ఉన్నది మేకులు కొట్టిన కుర్చీ.

ఇరవై రెండేళ్లలో ఆ కుర్చీలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి. ఎప్పుడూ కెమెరా వెనక నిలబడి కుర్చీని చూసిందే తప్ప, కుర్చీలోంచి ఏం కనపడుతుందో చూడలేదు. తలెత్తింది. కిటికీ నిండా ఆకుపచ్చ గోడ. దాని మీద నిట్టనిలువుగా ఎండ. ఆ గోడ ముందు ఈ చివర నుంచి ఆ చివరకు బట్టలారేసే తాడు. తాడు మీద రెండు క్లిప్పులు.

తాడు మంగళవారం ఖాళీగా లేదు. శుక్రవారమూ లేదు. లెక్కల టీచరు చెల్లెలు కింది వాటాలో ఉద్యోగాలు చేసుకునే ఆడపిల్లలకు మంచాలు అద్దెకిస్తుంది. వారానికి రెండుసార్లు వాళ్ల తెల్ల దుప్పట్లన్నీ ఉతికి, ఆ గోడ ముందు ఆరేస్తుంది. ఎదురుగా తెల్లటిది ఉన్న రోజున ఎండ దాని మీంచి తిరిగొచ్చి ఈ కుర్చీలోని మొహం మీద పడుతోంది.

వెన్నెలక్క తన నీలం చీర కొంగు వైపు చూసుకుంది. దానికి ఏ పాపం తెలీదు.

వెంటనే మేనమామకు ఫోన్ చేసింది. ఆయన ఇప్పుడు వేరే ఊళ్లో కొడుకు దగ్గర, చెవుడుతో, హాయిగా ఉన్నాడు.

"మామయ్యా, నిజం చెప్పు. ఆ కుర్చీ అక్కడే ఎందుకు పెట్టావ్?"

"ఏ కుర్చీ?"

"మేకులు కొట్టిన కుర్చీ!"

"ఓ, అదా! దానికి ఒక కాలు పొట్టి కదే. ఊగుతుండేది. ఫొటోలు చెదిరిపోతుంటే విసుగొచ్చి మేకులు కొట్టించా."

"సరే, అక్కడే ఎందుకు కొట్టించావ్? ఎదురుగోడ వెలుతురు చూసుకుని కదూ?"

"ఏ గోడ? వడ్రంగి వచ్చేసరికి కుర్చీ అక్కడుంది."

"మరి జోలికెళ్లద్దన్నావ్?"

"మేకులు పీకితే నేల చిల్లులు పడుతుందని. అప్పటికది అద్దె గది కాదుటే? ఇంతకీ ఫొటోలు బాగా వస్తున్నాయా?"

"వస్తున్నాయి" అని పెట్టేసింది.

కొందరికి గురువు నుంచి రహస్యాలు అందుతాయి. వెన్నెలక్కకు పొట్టి కాలు అందింది.

సాయంత్రం ఎదురింటి మెట్లెక్కింది. గోడకు మళ్లీ తెల్లరంగు వేయమని ఎలా అడగాలో దారిపొడవునా నాలుగు రకాలుగా అనుకుంది. డాబా మీద నల్లద్దాలు పెట్టుకుని లెక్కల టీచరు కుర్చీలో కూర్చుని ఉంది.

"ఏం అమ్మాయ్? పదకొండేళ్లకి దారి కనపడిందా?"

"అద్దాలేంటి టీచర్‌గారూ?"

"రెండు కళ్లకీ ఆపరేషన్ అయింది. అన్నీ కొత్తగా, తెగ స్పష్టంగా కనపడుతున్నాయి. ఎండెక్కితే ఆ తెల్లగోడ కళ్లలో సూదులు గుచ్చినట్టుండేది. అందుకే రంగు మార్పించా. ఇప్పుడు ప్రాణానికి హాయిగా ఉంది. ఏం, బాలేదా?"

వెన్నెలక్క అనుకున్న నాలుగు రకాల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు. "చాలా బాగుందండీ" అంది.

"అబద్ధం. తొమ్మిదో తరగతిలో హోంవర్కు చేశానని చెప్పేప్పుడు కూడా ఇలాగే బొటనవేలు పట్టుకునేదానివి. చెప్పు."

చెప్పాల్సివచ్చింది. గోడ, దుప్పట్లు, సొరకాయ, నీలం చీర, మీసాలు, హెడ్మాస్టారు, అన్నీ. లెక్కల టీచరు నల్లద్దాలు తీసింది. భుజాలు కదలడం మొదలైంది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"అంటే ఇన్నేళ్లూ ఫొటోలు తీసింది నా గోడన్నమాట! నువ్వు ఊరికే మీట నొక్కావు!"

"టీచర్‌గారూ..."

"కోప్పడకు. వెలుతురు పడిన కోణం ఎంతో తిరిగొచ్చే కోణం అంతేనని నీకు నేను చెప్పినరోజు నువ్వు కిటికీలోంచి బయటికి చూస్తున్నావు. ఇవాళ తీరిగ్గా నేర్చుకున్నావు, అంతేగా. గోడ మాత్రం మార్చను, నాకు కళ్లు కావాలి. మంగళ, శుక్రవారాల్లో తడిబట్టల వాసన పడక నేను కిందే ఉంటా, ఆ దుప్పట్లు నువ్వే వాడుకో. కానీ నా ఫొటో కూడా ఆ పుస్తకంలో వెయ్యాలి కదా? నాకు బుధవారం కావాలి. గోడ సాయం లేకుండా తియ్యి. నీకేం వచ్చో చూద్దాం."

ఇంటికొచ్చి వెన్నెలక్క అన్నం సరిగ్గా తినలేదు. వారానికి రెండు దుప్పట్ల రోజులున్నాయి, పని గడుస్తుంది. కానీ దుప్పట్లు లేని రోజున తనకేమీ రాదని తేలితే? ఆ ప్రశ్నే గింజలా పంటి కింద పడుతోంది.

ఆదివారం పొద్దున్నే మొగుణ్ణి పిలిచింది. "ఏమండీ, సుత్తి పట్రండి."

"దీపాలు కూడా తేనా?" అన్నాడాయన ఆశగా.

"సుత్తొక్కటే."

పట్టీలు ఊడదీసేసరికి నేలలో చిన్న చిన్న చిల్లులు మిగిలాయి. కుర్చీ ఒక పక్కకు ఒరిగి, టక్కుమని మళ్లీ ఇటు ఒరిగింది. మేనమామ నిజమే చెప్పాడు. పొట్టికాలి కింద పాత కరెంటు బిల్లు మడిచి పెట్టి, మొగుణ్ణి కూర్చోబెట్టింది. కిటికీకి దగ్గరగా జరిపింది. దూరంగా జరిపింది. గోడకు ఎదురుగా కాకుండా పక్కకు తిప్పింది. ఆకుపచ్చ పోయింది. పైనుంచి ఆకాశపు వెలుతురు మాత్రం ఒక చెంప మీదికి జారింది, రెండో చెంప చీకట్లో ఉండిపోయింది. మామూలుగా అయితే ఇక్కడే ఆమె మొహం చిట్లించి కుర్చీ మళ్లీ జరిపేది. ఈసారి జరపకుండా చూసింది.

"ఏంటే, నన్ను మొదటిసారి చూస్తున్నట్టు?" అన్నాడాయన.

అలాగే ఉంది మరి. ఆయన మూతికి ఎడమ పక్కన చిన్న గీత. జోకు నోటిదాకా వచ్చి బయటపడకుండా ఆపుకున్నప్పుడల్లా అక్కడ చిన్న నీడ పడుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ జోకులు వింటోంది, విసుక్కుంటోంది. అవి ఎక్కడి నుంచి వస్తాయో ఇప్పుడే చూసింది. పెళ్లయిన కొత్తలో తీసిన ఫొటోలో ఆ గీత లేదు. తనే తుడిచేసింది.

"కదలకండి" అని మీట నొక్కింది.

ఆయన తెర చూసుకున్నాడు. "ఈ మొహమేనా నువ్వు రోజూ చూసేది?"

"ఇదే."

"పాపం నువ్వు" అన్నాడు. మూతి పక్కన ఆ నీడ మళ్లీ పడింది.

ఆ రోజంతా ఆయన్ని లేవనివ్వలేదు. సాయంత్రానికి ఆయనకు నడుం పట్టేసింది, ఆమెకు ఒక సంగతి పట్టుబడింది: నీడ ఎక్కడ ఆగాలో చూసుకుంటే చాలు. కంటి దాకా వస్తే రోగి, కంటి పక్కనే ఆగితే మనిషి. ఆ రెంటి మధ్య దూరం కుర్చీని జానెడు జరిపినంత.

బుధవారం లెక్కల టీచరు వచ్చింది. నల్లద్దాలు తీసి, మామూలు అద్దాలు పెట్టుకుని, పరీక్ష హాల్లో కూర్చునే ఇన్విజిలేటరులా కూర్చుంది. కుర్చీ టక్కుమంది. కింద బిల్లు మడత చూసి, "ఒక మడత తక్కువైంది" అని తనే వంగి సరిచేసింది. వెన్నెలక్క కుర్చీని జానెడు అటు జరిపింది, సగం జానెడు ఇటు జరిపింది.

"నవ్వమంటావా?"

"వద్దండీ. నేను హోంవర్కు చెయ్యలేదనుకోండి."

మీట నొక్కింది.

తెర మీద ఒక పక్క వెలుతురులో సన్నటి ముడతలన్నీ నోటుబుక్కు గీతల్లా ఉన్నాయి. రెండో పక్క నీడలోంచి ఒక కన్ను, కొత్తగా చూపొచ్చిన కన్ను, ఎదుటివాడి తప్పు లెక్క ఏ లైనులో ఉందో అప్పుడే పట్టేసినట్టు చూస్తోంది. లెక్కల టీచరు తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది, దూరంగా పెట్టుకుంది. వెన్నెలక్కకు వీధిలో వెళ్లే సైకిలు బెల్లు కూడా వినపడలేదు.

"ఏడు" అంది టీచరు.

"పదికా?"

"పదికే. అప్పుడు నాలుగు. ఇప్పుడు ఏడు."

"మిగతా మూడూ?"

"చెవి మసగ్గా ఉంది. పైగా పదకొండేళ్లు ఆలస్యం" అని లేచి, మెట్ల దాకా వెళ్లి, "రెండు కాపీలియ్యి. ఒకటి మా చెల్లెలికి. అల్లరి చేసే ఆడపిల్లలకి చూపించుకుంటుంది" అంది.

ఆ ఫొటో స్కూలుకు వెళ్లింది. జట్లు మాయమవుతాయనుకుంటే, కొత్త జట్లు పుట్టాయి. డ్రాయింగు మాస్టారు తన సొరకాయ మొహం చింపించి, నీడతో మళ్లీ తీయించుకున్నాడు. డ్రిల్లు మాస్టారు కూడా అంతే. మిగతావాళ్లలో ఎక్కువమంది మాత్రం ఎవరికీ చెప్పకుండా వచ్చి మంగళవారమే కావాలన్నారు. గురువారం స్టాఫ్ మీటింగులో హెడ్మాస్టారు లేచి, ముడతలు అనుభవానికి ఆనవాళ్లని, ఉపాధ్యాయుడికి సత్యమే అలంకారమని పావుగంట మాట్లాడాడు. మీటింగు అయ్యాక స్టూడియోకి ఫోన్ చేసి గొంతు తగ్గించి, "అమ్మా, రేపు వాళ్లు దుప్పట్లు ఉతుకుతారా?" అన్నాడు.

శుక్రవారం పదిన్నరకు వచ్చాడు. తాడు నిండా దుప్పట్లు. గోడ కనపడటం లేదు. ఆయన మొహం అప్పుడే పున్నమిలా విచ్చుకుంటోంది. వెన్నెలక్క కెమెరా ఎత్తింది.

ఎదురు డాబా మీద నాలుగు చినుకులు పడ్డాయి. లెక్కల టీచరు చెల్లెలు పైట నెత్తిన వేసుకుని పరుగున వచ్చి, చకచకా క్లిప్పులు లాగి, దుప్పట్లు చుట్టేసుకోవడం మొదలుపెట్టింది.

"అయ్యయ్యో, ఒక్క నిమిషం! ఆవిణ్ణి ఆగమనండమ్మా!" అని హెడ్మాస్టారు కిటికీ వైపు తిరిగి చెయ్యి చాచాడు. ఒక్కో దుప్పటీ పోతుంటే గదిలో వెలుతురు ఒక్కో మెట్టు దిగింది. ఆయన చెంప మీదికి నీడ పాకుతూ వచ్చి కంటి పక్కన ఆగింది. కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి, నోరు సగం తెరుచుకుని ఉంది. వందేళ్ల బడిని నడిపే మనిషి, బెల్లు కొట్టేసరికి ఇంకా గేటు బయటే ఉండిపోయిన పిల్లాడిలా ఉన్నాడు.

వెన్నెలక్క మీట నొక్కింది.

"ఇది లెక్కలోకి రాదు కదా?" అన్నాడాయన తెర చూసి. కానీ కళ్లు తిప్పుకోలేకపోయాడు. ఇంటికి తీసుకెళ్లి చూపిస్తానని ఒక కాపీ పట్టుకెళ్లాడు. శనివారం పొద్దున ఆయన దగ్గర్నుంచి కాదు, ఆయన భార్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "అమ్మాయ్, ముప్పై ఏళ్లలో మా ఆయన ఫొటోలో పడటం ఇదే మొదటిసారి. మొదటి పేజీలో అదే వెయ్యమని చెప్పా. ఆయన మాట మాత్రం వినకు."

పుస్తకం వచ్చింది. స్టూడియో బోర్డు కింద ఇప్పుడు సుద్దతో రాసిన ఇంకో ముక్క ఉంది: మంగళ, శుక్రవారాల్లో అందంగా తీయబడును. మిగతా రోజుల్లో మీలాగే తీయబడును.

మొన్న ఎవరో ఫొటో చూసుకుని, "అదంతా నీ చేతిలో ఉందక్కా" అన్నారు.

వెన్నెలక్క కిటికీలోంచి ఎదురు డాబా వైపు చూసింది. తాడు ఖాళీగా ఉంది. క్లిప్పులు రెండూ గాలికి ఊగుతున్నాయి.

"ఇవాళ బుధవారమే కదా?" అని అడిగి, "అయితే అవును" అంది.